కుంటలో నల్ల షీట్: ఏళ్ల తరబడి వాడాక

నీళ్లు నేలలోకి ఇంకకుండా మా కుంటలో 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) మందం హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీట్ పరిపించి చాలా ఏళ్లయింది. షీట్‌లోంచి చుక్క నీరు ఇంకలేదు. నీళ్లు పోయేదల్లా అతుకుల దగ్గర, చిల్లుల దగ్గర. అయినా కొనేవాళ్లు మందం గురించి గీచిగీచి బేరమాడతారు, అతుకు ఎలా వేస్తారని మాత్రం అడగరు.

వేడి మెషిన్‌తో రెండు వరసలుగా అతికిస్తే మధ్యలో సన్నటి గాలి సందు మిగులుతుంది. దాని రెండు కొసలూ మూసి గాలి కొడితే గేజ్ ముల్లు దిగకుండా నిలవాలి. ఈ పరీక్ష మీ కళ్లముందే చేయించుకోండి. మా కుంటలో పొడుగు అతుకులన్నీ చెక్కుచెదరలేదు. మెషిన్ పట్టని మూలలో చేత్తో అతికించిన ముక్క దగ్గరే ఊట మొదలైంది.

ఇక ఎండ. షీట్ ఎండకు పెళుసెక్కకుండా అందులో 2–3 శాతం కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసిపొడి కలుపుతారు. ఆ నలుపే వేడినీ లాగుతుంది. 50 మీటర్ల షీట్ 30 డిగ్రీలు వేడెక్కిందంటే జానెడు దాకా సాగుతుంది. మధ్యాహ్నం గట్టు మీద ముడతలు లేస్తాయి, తెల్లారేసరికి సర్దుకుంటాయి. కంగారేం లేదు. కానీ మిట్టమధ్యాహ్నం బిగించి పరిచారో, చలికి ముడుచుకుని మూలల్లో నేలను వదిలేసి గాల్లో వేలాడుతుంది. అడుగున చెత్తాచెదారం కుళ్లితే గ్యాస్ పుట్టి, షీట్ నీళ్ల మధ్య తాబేలు వీపులా తేలుతుంది. పరిచేముందు నేలను మొక్కల వేళ్లతో సహా తీయించి శుభ్రం చేయించండి, గులకరాళ్లు ఏరించండి.

ఎండాకాలం మట్టం తగ్గగానే షీట్‌ను అనుమానించకండి. ఆవిరిని అదేం ఆపదు. బకెట్ నిండా నీళ్లు పోసి, కుంటలో సగం పైగా మునిగేలా నిలబెట్టండి. రెండింట్లో తగ్గుదల ఒకేలా ఉంటే అది ఆవిరే. కుంటలో ఎక్కువ తగ్గితేనే చిల్లు వెతకాలి.

నాకు నిజంగా నచ్చనిది జారుడు. పాచి పట్టాక అందులో పడిన కుక్క గానీ మేక గానీ సొంతంగా పైకి రాలేదు, మనిషికీ కష్టమే. చుట్టూ కంచె, పట్టుకుని ఎక్కడానికి నాలుగు వైపులా ముడులు వేసిన తాళ్లు ఉండి తీరాలి.

షీట్‌కు బదులు బెంటోనైట్ అనే బంకమట్టి వాడొచ్చా అంటే, అది తడిస్తే ఎన్నో రెట్లు ఉబ్బి చిన్న చిల్లుల్ని తనే పూడ్చుకుంటుంది. షీట్‌కు ఆ గుణం లేదు. కానీ కుంట ఎండితే మట్టి పగుళ్లిస్తుంది. అమెరికాలో చెత్త పూడ్చే గుంతల నిబంధనలు 1.5 మి.మీ. హెచ్‌డీపీఈ షీట్, దాని కింద 60 సెం.మీ. దిమ్మిస కొట్టిన మట్టి, రెండూ అడిగేది ఒకదాని లోపాన్ని మరొకటి కప్పుతుందనే. మీది ఇసుక నేలైతే షీటే వేయించండి. బంకనేలలో నీళ్లు వాటంతటవే నిలుస్తుంటే ఈ ఖర్చు దండగ.