చివర్లు మాత్రమే అన్నాను, వింటేగా!

సెలూన్లో జుట్టు కత్తిరించే అమ్మాయితో "చివర్లు మాత్రమే, ఒక్క అంగుళం" అన్నాను. వేళ్లతో కొలిచి మరీ చూపించాను. "సరే మేడమ్" అంది ఆ అమ్మాయి, నా ఫోన్లోని ఫొటో వైపు కన్నెత్తైనా చూడకుండా.

నాది ఉంగరాల జుట్టు. తడిపితే సాగుతుంది, ఆరగానే స్ప్రింగులా పైకి లేస్తుంది. తడి మీద అంగుళం కోస్తే ఆరాక రెండంగుళాలు పోయినట్టుంటుంది. అందుకే పొడిగా ఉండగానే కత్తిరించమన్నాను. ఊఁ కొట్టింది, వెంటనే నీళ్లు స్ప్రే చేసి, బిగించి లాగి దువ్వింది. మధ్యలో "మీకు లేయర్స్ బాగుంటాయండీ" అని తనే తీర్మానించేసింది. "వద్దు" అనేలోపు చెవి పక్క కుచ్చు నేల మీదుంది. తర్వాత పళ్ల కత్తెర (జుట్టు పల్చబరిచేది) కూడా తీసింది. దాని పుణ్యమా అని ఇప్పుడు నా చివర్లు కొబ్బరి పీచు.

భుజాలు దాటే జుట్టు గడ్డం దగ్గర ఆగింది. సుమారు 12 సెంటీమీటర్లు పోయింది. జుట్టు పెరిగేది నెలకి 1 సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూ. ఇక లెక్క మీరే వేసుకోండి.

మొదటి కుచ్చు పడగానే "ఆగండి" అనకపోవడం నా మొహమాటం. చివర్లో అద్దం పట్టుకుని "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అని కూడా అన్నాను, ఖర్మ!

తలంటు మాత్రం అద్భుతం, కునుకు పట్టింది. నేనిచ్చిన 2 స్టార్లు దానికే. మేనేజరుకి చెబితే "మళ్లీ రండి, సరిచేస్తాం" అన్నారు. సరిచేయడమంటే ఇంకా కొయ్యడమేగా!