రెడీమేడ్ ఓసీలు కొనే రోల్‌ప్లే మిత్రులకు హెచ్చరిక: ఒకే పాత్రను పేరు మార్చి పలువురికి అమ్ముతున్నారు

ఆన్‌లైన్ గ్రూప్ రోల్‌ప్లేలలో, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా రాస్తూ కలిసి కథ నడిపే ఆటలలో, చేరడానికి సొంత పాత్రను, అంటే మనం ఓసీ (ఒరిజినల్ క్యారెక్టర్) అని పిలుచుకునేదాన్ని, డబ్బిచ్చి తయారు చేయించుకునే ఆలోచనలో ఉన్నవారు ఈ పోస్టును పూర్తిగా చదవవలసిందిగా కోరుతున్నాను. పాత్ర చిత్రం, రిఫరెన్స్ షీట్ (పాత్ర రూపురేఖల వివరాల పత్రం), పూర్వకథ, గ్రూప్‌కు పంపవలసిన అప్లికేషన్ అన్నీ కలిపి ‘ఆమోదం గ్యారంటీ’ అనే హామీతో ఒక ప్యాకేజీగా అమ్ముతున్న విక్రేత దగ్గర నేను ఒక పాత్రను కొన్నాను. అది అంతకుముందే వేరేవారికి వేరే పేరుతో అమ్మిన పాత్ర అని, దాని చిత్రం అసలు ఇంకొక చిత్రకారిణి గీసినదని తర్వాత తేలింది. విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఖాతా ఇప్పటికే పేరు మార్చుకుంది కాబట్టి, పేరు కంటే వారి పద్ధతి తెలుసుకోవడమే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

నేను చేరదలచిన గ్రూప్ ప్రపంచం కొండల మధ్య మూసుకుపోయిన ఒక నగరం. అక్కడ సముద్రం లేదు, మంత్రవిద్య ఉంది. అయితే మంత్రం ప్రయోగించిన ప్రతిసారీ ప్రయోగించినవారు తమ జ్ఞాపకాలలో ఒకదాన్ని శాశ్వతంగా కోల్పోతారు. ఆ గ్రూప్‌కు ఆయువుపట్టు ఈ నియమమే. విక్రేతతో మాట్లాడిన మొదటి రోజే గ్రూప్ నియమాల పత్రాన్ని, ఇప్పటికే ఆడుతున్న పాత్రల జాబితాను, ఏ కుటుంబానికి ఎవరు కావాలో గ్రూప్‌ను నిర్వహించే మోడరేటర్లు రాసి పెట్టిన ఖాళీల వివరాలను పంపాను. వాటన్నిటినీ చదివి రాస్తామని, ఈ పాత్ర మీ ఒక్కరిదేనని, మరెవరికీ ఇవ్వబోమని చాట్‌లో స్పష్టంగా రాసి ఇచ్చారు. మొత్తం సొమ్ము ముందుగానే కావాలన్నారు. అదీ, సేవారుసుము తగ్గుతుందనే కారణం చెప్పి, స్నేహితులకు పంపే పద్ధతిలో పంపమన్నారు.

ప్యాకేజీ అనుకున్న గడువు కంటే చాలా ముందే వచ్చింది. చూపుకు చక్కగా ఉంది. చదవడం మొదలుపెట్టాకే అనుమానం కలిగింది. పూర్వకథ మూడో పేరాలో నాయిక తండ్రి ‘రేవులో ఓడ దిగి తిరిగి రాలేదు’ అని ఉంది. సముద్రమే లేని ప్రపంచంలో రేవు ఎక్కడిది? ఆమె నిప్పును పుట్టించగలదు, కానీ అందుకు ఆమె ఏ జ్ఞాపకాన్నీ కోల్పోదు. బలహీనతల గడిలో ‘ఎవరినీ నమ్మదు’ అన్న ఒక్క వాక్యమే ఉంది. ఇతర పాత్రలతో సంబంధాల గడిలో ‘ఆటలో నిర్ణయమవుతాయి’ అని వదిలేశారు. నేను పంపిన నియమాలను వారు తెరిచి చూసిన ఆనవాలు ఆ మూడు పేజీలలో ఒక్కటీ లేదు. సవరించమని అడిగితే ‘రేవు’ను ‘సంత’గా మార్చి, మిగిలినదంతా అలాగే ఉంచి తిరిగి పంపారు.

రేవుకు సంబంధించిన వాక్యాలను తీసేసి, నిప్పుకు మూల్యంగా ఆమె ఏయే జ్ఞాపకాలు కోల్పోయిందో నేను స్వయంగా రాసి చేర్చి అప్లికేషన్ పంపాను. మరుసటి రోజు ఒక మోడరేటర్ విడిగా సందేశం పంపారు. చాలా మర్యాదగా, రెండు పేరాలను పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకటి నాది. ఇంకొకటి అంతకుముందు వేరే వ్యక్తి అదే గ్రూప్‌కు పంపగా తిరస్కరించినది. పాత్ర పేరు, ఊరి పేరు తప్ప వాక్యాలు, విరామ చిహ్నాలు సహా ఒకటే. రెండు చిత్రాలూ కూడా పక్కన పెట్టారు. నా పాత్రకు ఎడమ కనుబొమ్మ కింద గాటు ఉంది, ఆ పాత్రకు కుడి కనుబొమ్మ కింద. చిత్రాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేసి, జుట్టు రంగు మార్చారు, అంతే. నా చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే కింది మూలలో అంగీ మడతల మధ్య ఒక చోట రంగు అలుక్కుపోయినట్టుంది. తిప్పని ప్రతిలో సరిగ్గా దానికి ఎదురు మూలలో చిత్రకారిణి సంతకం ఉండేదని తర్వాత తెలిసింది.

రోల్‌ప్లే గ్రూప్‌లలో ఇది చిన్న విషయం కాదని ఆడేవారందరికీ తెలుసు. పాత్రను ప్రతిపాదించి, మోడరేటర్ల ఆమోదం పొందాకే ఆడే పద్ధతి కొత్తగా వచ్చింది కాదు. అక్షరాలతోనే నడిచిన 1990ల నాటి సామూహిక ఆటలలో కూడా చాలాచోట్ల పాత్రకు అప్లికేషన్ పెట్టి అనుమతి తీసుకోవలసి వచ్చేది. ముక్కూ మొహం తెలియని మనుషులు నెలల తరబడి కలిసి ఒకే కథ రాయాలంటే, ఎదుటివారు తెచ్చిన పాత్ర వారిదేనన్న నమ్మకం ఉండాలి. కాపీ పాత్ర తెచ్చారన్న మాట ఒక గ్రూప్‌లో పుడితే పక్క గ్రూప్‌లకు పాకుతుంది, ఎందుకంటే మోడరేటర్లు ఒకరికొకరు తెలిసినవారే. ఆ మోడరేటర్ ముందుగా నన్ను నిందించకుండా నన్నే అడిగి తెలుసుకోవడం వారి మంచితనం, అందుకు నేను కృతజ్ఞతతో ఉన్నాను. అందరికీ అలాంటివారే దొరుకుతారని చెప్పలేం.

ఆ తర్వాత పూర్వకథలోని ఒక పొడవైన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే, ఇంకా కొన్ని గ్రూప్‌ల బహిరంగ పేజీలలో అదే వాక్యం కనబడింది. ఒకచోట ఆమె ఓడ నాయకుడి కూతురు, మరోచోట రాజవైద్యుడి కూతురు. చిత్రాన్ని మొదట ఉన్నది ఉన్నట్టుగా, తర్వాత అడ్డంగా తిప్పి, చిత్రాలను వెతికిపెట్టే టిన్‌ఐ, గూగుల్ లెన్స్‌లలో వెతికాను. తిప్పిన ప్రతికి మాత్రమే అసలు చిత్రం దొరికింది. చిత్రాన్ని ఎందుకు తిప్పుతారో అప్పుడు అర్థమైంది. ఉన్నదున్నట్టు వెతికితే చిక్కకుండా ఉండడానికే. చిత్రకారిణికి రాస్తే, అది తాను తన సొంత పాత్రకు గీసుకున్న బొమ్మ అని, ఎవరికీ అమ్మలేదని జవాబిచ్చారు. తన పాత్ర మొహం ఎక్కడెక్కడో పరాయి పేర్లతో తిరుగుతోందని తెలిసిన మనిషి బాధ ఆ జవాబులో కనిపించింది. నేను పోగొట్టుకున్న డబ్బు కంటే అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

విక్రేత సమాధానాలు ఈ వరుసలో వచ్చాయి: మొదట యాదృచ్ఛికం అన్నారు, తర్వాత అనాథ మంత్రగత్తె పాత్రలు అన్నీ ఒకేలా ఉంటాయన్నారు, ఆపై మోడరేటర్ ఎవరో చెబితే తాము మాట్లాడి ఆమోదం ఇప్పిస్తామన్నారు, చివరికి నన్ను బ్లాక్ చేశారు. పాత్రల రకాలు ఒకేలా ఉండవచ్చు, అందులో తప్పేమీ లేదు. వాక్యాలు ఒకేలా ఉండడం, గాటు మాత్రమే వేరే కనుబొమ్మకు మారడం అలాంటివి కావు.

డబ్బు విషయం ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. పేపాల్‌లో స్నేహితులకు, కుటుంబసభ్యులకు పంపే పద్ధతిలో చెల్లించిన సొమ్ముకు కొనుగోలుదారుల రక్షణ వర్తించదు. వస్తువులు, సేవల కింద చెల్లించినప్పుడు వివాదం నమోదు చేయడానికి చెల్లించిన తేదీ నుంచి 180 రోజుల గడువు ఉంటుంది. ఏ చెల్లింపు సేవ వాడినా విక్రేత మొదటి పద్ధతి కోసం పట్టుబడితే ఆ బేరం అక్కడితో వదిలేయండి. నేను అందుకు ఒప్పుకోకుండా రెండో పద్ధతిలోనే చెల్లించాను కాబట్టి ఫిర్యాదు చేయగలిగాను. దాని ఫలితం ఇంకా తేలలేదు.

హక్కుల సంగతి కూడా చాలామందికి స్పష్టంగా తెలియదు. 1886 నాటి బెర్న్ ఒప్పందానికి 1908లో బెర్లిన్‌లో జరిగిన సవరణ నుంచి, ఆ ఒప్పందం కింద కాపీరైట్ రక్షణకు నమోదు అవసరం లేదు. రచన గానీ చిత్రం గానీ రూపం దాల్చగానే హక్కు దాన్ని సృష్టించినవారికి వస్తుంది. చాలా దేశాల చట్టాలలో, మనం సొమ్ము చెల్లించినంత మాత్రాన ఆ హక్కు మనకు దానంతటదే రాదు, బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాత ఉండాలి. అసలు విక్రేతకే లేని హక్కును ఏ రాతా మనకు ఇవ్వలేదు. కాబట్టి ‘ఇది పూర్తిగా మీ సొంతం’ అని చాట్‌లో రాసిన మాటను మాత్రమే నమ్ముకోకుండా, ఈ చిత్రం ఎవరు గీశారు, ఈ పాఠం ఎవరు రాశారు, ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చారా అన్న మూడు ప్రశ్నలకూ విడివిడిగా లిఖితపూర్వక జవాబు తీసుకోండి. నిజాయితీ గల చిత్రకారులు గీస్తున్న దశలోని స్కెచ్‌లను, పొరలు విడివిడిగా ఉన్న ఫైల్‌ను చూపించడానికి వెనుకాడరు. అడాప్టబుల్స్, అంటే ముందే గీసి అమ్మకానికి పెట్టిన పాత్రలు, అమ్మే మంచి విక్రేతలు ఎవరు కొన్నారో నమోదు చేసి, ఆ పాత్ర చేతులు మారిన ప్రతిసారీ దాన్ని సవరిస్తారు. ఈ విక్రేత దగ్గర ఇలాంటిదేదీ లేదు, అడిగినప్పుడు మాట దాటవేశారు.

‘ఆమోదం గ్యారంటీ’ అనే మాట మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఆమోదం ఎవరూ అమ్మగలిగేది కాదు. మోడరేటర్లు అప్లికేషన్‌లో చూసేది భాష సొగసు ఒక్కటే కాదు. ఈ పాత్ర వస్తే ఇప్పటికే ఆడుతున్నవారికి చేయడానికి ఏం దొరుకుతుందన్నది వారి మొదటి ప్రశ్న. తల్లిదండ్రులు చనిపోయి, ఎవరినీ నమ్మక, ఒంటరిగా మూల కూర్చునే పాత్ర కథలో చదవడానికి బాగుండవచ్చు కానీ గ్రూప్‌లో ఆమెతో సన్నివేశం మొదలుపెట్టాల్సిన భారమంతా ఎదుటివారి మీదే పడుతుంది. అదే పాత్ర తండ్రి బాకీ తీర్చడానికి ఇప్పటికే ఆటలో ఉన్న వర్తక కుటుంబంలో పనికి కుదిరిందనుకోండి, చేరిన రోజే ఆమెతో మాట్లాడవలసిన మనుషులు ముగ్గురు నలుగురు ఉంటారు. ఆ బాకీ ఎవరికో, ఎంతకాలంగా ఉందో రాయాలంటే ఆ కుటుంబాన్ని ఆడుతున్నవారిని ముందుగా అడగాలి. ఆ సంభాషణ విక్రేత చేయలేడు. లోపం లేని, అందరినీ మించిన పాత్రలకు మేరీ సూ అనే పేరు 1973లో ఒక అభిమాన పత్రికలో వచ్చిన చిన్న వ్యంగ్య కథ నుంచి స్థిరపడింది. ఇప్పటికీ మోడరేటర్లు తిప్పి పంపే అప్లికేషన్లలో ఆ రకానికి చెందినవి ఎన్నో ఉంటాయి. రెడీమేడ్ ప్యాకేజీలు సరిగ్గా ఆ గోతిలోనే పడతాయి, ఎందుకంటే ఏ ప్రపంచానికైనా అతకాలని రాసిన పాత్రకు ఏ ప్రపంచపు పరిమితీ తగలదు.

చిత్రం కోసం డబ్బు ఖర్చు చేయడం తప్పని నేను అనను. బొమ్మ గీయడం రానివారు మంచి చిత్రకారులకు డబ్బిచ్చి గీయించుకోవడం ఇద్దరికీ మేలే. పూర్వకథను, అప్లికేషన్‌ను మాత్రం మీరే రాయండి, భాష సరిచూడడానికి స్నేహితుల సాయం తీసుకోండి. ముందుగా మొత్తం చెల్లించకుండా స్కెచ్ చూశాక కొంత, పూర్తయ్యాక మిగతాది ఇచ్చేలా ఒప్పందం చేసుకోండి. వచ్చిన చిత్రాన్ని రెండు వైపులా తిప్పి వెతికిన తర్వాతే ఎక్కడైనా పెట్టండి.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీ కొన్నవారికి నా మనవి: మీ పాత్ర లాంటిదే మరొకరి దగ్గర కనబడితే వారిని దొంగ అనకండి, బహుశా వారూ మనలాగే మోసపోయి ఉంటారు. వారికి విడిగా రాయండి, ఇద్దరి చాట్‌లనూ, రసీదులనూ దగ్గర పెట్టుకోండి. అప్లికేషన్ ఇంకా పెట్టకపోతే మోడరేటర్లకు ముందే చెప్పేయండి. నేను నా అప్లికేషన్‌ను వెనక్కి తీసుకుని విషయమంతా వివరించాక, ఆ గ్రూప్ నాకోసం స్థానం ఉంచి కొత్త పాత్రను ప్రతిపాదించే అవకాశం ఇచ్చింది. గ్రూప్ చాట్ యాప్ డిస్కార్డ్‌లో ఖాతా పేరు ఎన్నిసార్లు మార్చుకున్నా దాని సంఖ్యా ఐడీ మారదు కాబట్టి, డెవలపర్ మోడ్ తెరిచి ఆ ఐడీని కాపీ చేసి మీ గ్రూప్ మోడరేటర్లకు మాత్రమే ఇవ్వండి, బహిరంగంగా పెట్టకండి. కనుబొమ్మ కింద గాటు ఉన్న నిప్పు మంత్రగత్తె చిత్రం నమూనాగా చూపించే ఏ ఖాతా ఎదురైనా బేరం ఆపేసి, ఆ నమూనాను అడ్డంగా తిప్పి ఒకసారి వెతకండి.