పాత కారు తలుపు తాళాల వెనక స్టీలు ప్లేట్లు: ఆరేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. మా పాత కారు తలుపుల్ని కాపాడుకోవడానికి నేను పెట్టిన ఖర్చులన్నిటిలో ఎక్కువ పనికొచ్చినవి 2 మిల్లీమీటర్ల మందం స్టీలు ముక్కలు రెండు. పనికిరానిది సైరన్. డబ్బు మాత్రం సరిగ్గా తిరగేసి పోశాను.

కారు 2005లో కొన్నది, నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 09 అనే ఉంటుంది. 2020లో పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి మరో ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను. అమ్మితే ఏమొస్తుందో తెలుసు కాబట్టే అమ్మలేదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ రోజుల్లో వచ్చిన చిన్న కార్ల తలుపులన్నీ ఇంచుమించు ఒకే తీరు: ముప్పావు మిల్లీమీటరు అటూఇటూ ఉండే రేకు, దానికో రంధ్రం, అందులో తాళం సిలిండరు, అది ఊడిపోకుండా లోపలినుంచి పట్టి ఉంచే ఒక స్ప్రింగు క్లిప్పు.

ఇల్లు హైదరాబాద్ నల్లకుంటలో. పాతకాలం అపార్టుమెంటు, పన్నెండు ఫ్లాట్లకి సెల్లార్లో ఏడు కార్లు పడతాయి. చీటీలు వేసినప్పుడు మాకు రాలేదు. అప్పటినుంచి మా కారు గల్లీలోనే నిద్రపోతుంది.

2018 ఆగస్టులో ఒక వాన రాత్రి దాని నిద్ర చెడింది. పొద్దున పాలపాకెట్ల కోసం దిగితే డ్రైవరు వైపు తలుపు సగం మూసినట్టు ఉంది. స్టీరియో పోయింది. టోల్‌గేటు కోసం ఉంచిన చిల్లర పోయింది. నాన్న కళ్లజోడు కూడా పోయింది, దొంగకి దానితో ఏం పనో ఇప్పటికీ అర్థం కాదు. ఆయన మాత్రం వారం రోజులు పేపరు చదవలేక నన్నే తిట్టారు.

ఆ రోజు కంగారులో నేను సరిగ్గా చూడనిది తర్వాత టింకరింగ్ షెడ్డులో మేస్త్రి చూపించాడు. తాళం విరగలేదు. తాళాన్ని పట్టుకుని ఉన్న రేకు వంగింది. సిలిండరు కింద రేకు పెదవి విరిచినట్టు లోపలికి ముడుచుకుపోయింది, తాళం మొత్తం తన గూట్లోనే తిరిగిపోయింది. “తాళం మంచిదే సార్, అది కూసున్న కుర్చీ మంచిది కాదు” అన్నాడు. ఆ మాట బుర్రకెక్కడానికి నాకు ఇంకో మూడు నెలలూ, ఆరేడు వేల రూపాయలూ పట్టాయి.

ఎందుకంటే నేను చేసిన మొదటి పని, అందరూ చేసేదే, కొత్త తాళాల సెట్టు కొనడం. పుత్లీబౌలి స్పేర్ పార్టుల దుకాణాల్లో అడిగితే మా మోడలుకి ఒరిజినల్ రావడం ఆగిపోయిందన్నారు. డూప్లికేటు సెట్టు 1,900కి ఇచ్చారు: రెండు తలుపులకి, డిక్కీకి, ఇగ్నిషన్‌కి ఒకటే తాళంచెవి. పెట్టిన కొత్తలో తిప్పితే వెన్నలా తిరిగింది. అదే అనుమానించాల్సిన సంగతి. పాత కార్ల తాళాల్లో పలచని ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి, చెవి గాట్లకి సరిపడా అవి లోపలికి సర్దుకుంటేనే సిలిండరు తిరుగుతుంది. డూప్లికేటులో ఆ రేకులు మెత్తని లోహంతో చేస్తారు. కొన్ని వారాలకే ఇంటి బీరువా తాళంచెవి పెట్టినా తలుపు తీసుకోవడం మొదలైంది! మా చిన్నాడికి అదో ఇంద్రజాలం, చుట్టాలొస్తే చేసి చూపించేవాడు.

చివరికి కోఠీలో ఒక తాళాలాయన పాత ఒరిజినల్ సిలిండర్లే విప్పి, అరిగిన రేకులు మార్చి, కొత్త చెవి కోసి ఇచ్చాడు. 600 తీసుకున్నాడు. అవే ఇప్పటికీ నడుస్తున్నాయి. పాత తాళాలు పారేయకండి, లోపలి రేకులు మాత్రం మార్పించుకోండి అని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇంకో మాట: వాటిలో నూనె పోయకండి. మన ఊరి దుమ్ముకి నూనె తోడైతే లోపల రొట్టెపిండి తయారవుతుంది. గ్రాఫైట్ పొడి ఊదాలి. దొరక్కపోతే పెన్సిలు ములికిని చెవి మీద రుద్ది నాలుగుసార్లు తిప్పినా చాలు. రెండూ కలిపి మాత్రం వాడొద్దు. ఒకసారి వాడి, ఆ బురద కడగలేక చచ్చాను.

తర్వాత సెంట్రల్ లాక్, సైరన్. నాలుగు తలుపులకి నాలుగు మోటార్లు, డ్రైవరు తలుపులో ఐదు వైర్లది, మిగతా వాటిలో రెండేసి వైర్లవి. రెండు రిమోట్లు. ఫిట్టింగుతో 3,800. సౌకర్యం బాగానే ఉంది, వానలో ఒక్కో తలుపూ తిరిగి నొక్కక్కర్లేదు. కానీ అది తాళాన్ని నడిపేదే తప్ప తాళాన్ని బలపరిచేది కాదు. రేకు వంచేవాడికి లోపల మోటారుంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? పైగా చవక రిమోట్లు ఎప్పుడు నొక్కినా ఒకే కోడు పంపుతాయి, కాపీ కొట్టడం తేలిక. నొక్కిన ప్రతిసారీ కోడు మారేవి ఉంటాయి, కొనేముందు అడిగి తీసుకోండి. మూడో ఎండాకాలానికి ఎడమ వెనక తలుపు మోటారులో ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగి గర్రుమని అరవడం మొదలెట్టింది. ఒక్క మోటారే మార్చారు, 450.

ఇక సైరన్ సంగతి. బోనాలప్పుడు మా గల్లీలో పోతరాజు ముందు డప్పులు మోగితే ఇది కూడా మోగింది. గణేశ్ నిమజ్జనానికి తీన్‌మార్ బ్యాండు వెళ్తే మోగింది. సైలెన్సరు తీసేసిన బుల్లెట్టు పోతే మోగింది. మొదట్లో పై ఫ్లాటువాళ్లు బాల్కనీలోంచి కేకేసేవారు, “మీ బండి ఏడుస్తోందండీ” అని. కొన్నాళ్లకి ఎవరూ తొంగిచూడ్డం మానేశారు. నేనే మానేశాను! ఎవరూ లేచి చూడని సైరన్ దొంగకి మాత్రం ఏం భయం? కుదుపుని పసిగట్టే షాక్ సెన్సారు తగ్గించి చూశాను, చివరికి ఆ వైరే పీకించేశాను. రెండు వారాలు ఊరెళ్లొస్తే బ్యాటరీ దిగిపోయి ఉండే బాధ కూడా దాంతోనే తగ్గింది.

అసలు పని 2018 నవంబరులోనే జరిగింది. మేస్త్రి అన్న కుర్చీ మాట అప్పటికి గుర్తొచ్చింది. తలుపుని లోపలివైపు కప్పి ఉంచే డోర్ ప్యాడ్ విప్పి, తాళం చుట్టూ రేకు ఆకారం అట్టముక్క మీద గీసుకుని, రాణీగంజ్ వెళ్లి స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కలు కోయించాను. దుకాణాయన అయస్కాంతం పెట్టి “చూడండి, అంటుకోవట్లేదు, 304 రకం” అన్నాడు. ఆ పరీక్షని నమ్మకండి, త్వరగా తుప్పు పట్టే తక్కువ రకం 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు. తెలిసినచోట బిల్లు మీద రాయించుకుని కొనడమే దారి. ఎందుకింత పట్టింపంటే, వానాకాలం తలుపు లోపల నీళ్లు దిగుతూనే ఉంటాయి.

ప్లేటు కొలత దాదాపు అరచేయంత. మధ్యలో సిలిండరు దూరే రంధ్రం. ఇక్కడే మొదటి చిక్కు: 2 మి.మీ. మందం అదనంగా వచ్చేసరికి స్ప్రింగు క్లిప్పు దాని గాడిలోకి ఎక్కలేదు. వెల్డింగ్ షాపతను క్లిప్పు కూర్చునేంత మేర రంధ్రం పెద్దది చేశాడు. అంటే క్లిప్పు పాత రేకునే పట్టుకుంటుంది, దాని చుట్టూ ప్లేటు కంచెలా నిలబడుతుంది. అలాగే ప్లేటు లోపలి అంచుని వంచి, తాళం నుంచి లాచీకి, అంటే తలుపుని మూసి పట్టి ఉంచే కొక్కేనికి, వెళ్లే ఇనప కడ్డీకి అడ్డుగా గోడలా నిలబెట్టించాను. అద్దం పక్క రబ్బరు బీడింగులోంచి సన్నని ఇనప పట్టీ దింపి ఆ కడ్డీని కదిపే పాత విద్య ఒకటి ఉంది కదా, దానికోసం.

రెండో చిక్కు ఎడమ తలుపులో. ఎపాక్సీ జిగురు పెట్టి, రివిట్లు కొట్టి, అంతా అయ్యాక అద్దం దించితే కర్రుమంది. ప్లేటు అంచు అద్దాన్ని గీసేసింది. ఆ గీత ఇప్పటికీ ఉంది, మా ఆవిడ అటువైపు కూర్చున్న ప్రతిసారీ దాన్ని వేలితో తడుముతుంది, ఏమీ అనదు. కాబట్టి రివిట్లు కొట్టకముందే అద్దాన్ని పూర్తిగా దించి, ఎక్కించి చూడండి.

మూడోది నా బద్ధకం. డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. చూడ్డానికి చెత్తలా ఉంటుంది, పారేయాలనిపిస్తుంది. నేను పారేశాను. మొదటి పెద్ద వానకి కాళ్ల కింద కార్పెట్టు తడిసి ముద్దయింది. లోపల దిగే నీళ్లు కిందున్న చిల్లులగుండా రోడ్డు మీదకి పోవాలి, కారులోకి రాకుండా ఆపేది ఆ కాగితమే. మందపాటి పాలిథిన్ కోసి మళ్లీ అంటించుకున్నాను. ప్యాడ్ పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు మన ఎండలకి పెళుసెక్కి ఉంటాయి, విప్పితే సగం విరుగుతాయి. ఓ డజను కొని దగ్గర పెట్టుకుని మొదలెట్టండి.

మొత్తం 1,400 అయింది, కూలితో సహా.

తుప్పు విషయం: మూడు వానాకాలాల తర్వాత 2021లో విప్పి చూశాను. స్టెయిన్‌లెస్ ముక్కకి ఏమీ కాలేదు, దాన్ని తాకుతున్న తలుపు రేకుకే ఒకచోట తుప్పు మొదలైంది. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి ఆనితే జరిగేదే ఇది. గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, మధ్యలో సీలెంటు దట్టంగా పట్టించాను. ఆ పని మొదటిసారే చేసి ఉండాల్సింది.

పనిచేసిందా? 2022 చివర్లో ఒక పొద్దున తాళం కింద అర్ధచంద్రాకారంలో పెయింటు లేచిపోయి ఉంది, చిన్న సొట్ట. పాత దెబ్బ తగిలిన చోటికి అంగుళం దూరం కూడా లేదు. తలుపు తెరుచుకోలేదు. లోపల తీసుకెళ్లడానికి ఏమీ లేదు కూడా, మొదటి దొంగతనం తర్వాత కారులో గొడుగు కూడా ఉంచడం మానేశాం. అదే రాత్రి అదే గల్లీలో ఇంకో కారు వెనక అద్దం పగిలింది. సీటు మీద ఆఫీసు బ్యాగు ఉందట. పక్క అద్దాలు ఒక్క దెబ్బకి గింజలు గింజలుగా రాలిపోతాయి, తలుపులో ఎంత స్టీలు పెట్టినా దానికి జవాబు లేదు. దుకాణంలో సెక్యూరిటీ ఫిల్ము వేస్తామన్నారు. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు కూడదన్నప్పటినుంచి అద్దం మీద ఏ ఫిల్ము కనిపించినా చౌరస్తాలో ఆపుతారేమోనని భయం. నేను వేయించలేదు.

గేర్ లాక్ కూడా ఉంది, అది కారు పోకుండా, కారులోవి పోకుండా కాదు. గుర్తింపు ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరానికి ఇన్సూరెన్సులో ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన కారుకే జరిగే నష్టానికి కట్టే దాంట్లో, రెండున్నర శాతం తగ్గింపు ఉంటుంది, గరిష్ఠంగా 500. మా కారు వయసుకి ఆ ప్రీమియమే పన్నెండు వందలు, అందులో రెండున్నర శాతమంటే ఓ ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. లోపల పెట్టుకున్న సామాన్లకి మాత్రం కారు పాలసీ ఏమీ ఇవ్వదు. నాన్న కళ్లజోడు గురించి అడిగి నవ్వులపాలయ్యాను.

ప్లేట్లు ఎంత గట్టివో నిజంగా తెలిసింది దొంగ వల్ల కాదు, చిలుకూరులో. 2023 మే నెల. మొక్కు తీరిందని నూటెనిమిది ప్రదక్షిణలకి వెళ్లాం. రిమోట్‌తో కారు తీసి, డిక్కీలోంచి కొబ్బరికాయలు అందుకుని, చెప్పులూ తాళంచెవీ అందులోనే వదిలేసి మూత వేశాను. రిమోట్ నొక్కాక ముప్పై సెకన్లలో తలుపేదీ తీయకపోతే మా సెంట్రల్ లాక్ కిట్టు దానంతటదే లాక్ వేసేస్తుంది. డిక్కీ తీయడం దాని లెక్కలోకి రాదు. గుళ్లోంచి వచ్చాక జేబులు తడుముకుంటే అర్థమైంది. కాళ్ల కింద తారు కాలిపోతోంది.

లంగర్‌హౌజ్ నుంచి ఒక తాళాలాయన బైకు మీద వచ్చాడు. నలభై నిమిషాలు తంటాలు పడ్డాడు. చెమట తుడుచుకుంటూ “ఈ డోర్ల ఏం పెట్టించిండ్రు సార్? నా పట్టీ దిగుతనే లేదు” అన్నాడు. గర్వపడాలో ఏడవాలో తెలియలేదు. మా ఆవిడ చెట్టు నీడనుంచి “ఏమండీ, దొంగనైనా పిలవండి” అంది. చివరికి మా బావమరిది మా ఇంటికెళ్లి రెండో తాళంచెవి పట్టుకుని, ట్రాఫిక్కులో గంటన్నర ఈదుకుంటూ వచ్చాడు. “బావా, దొంగలకని కోట కట్టించి మీరే బయట నిలబడ్డారేంటి!” తాళాలాయనకి వచ్చిన శ్రమకి మూడొందలిచ్చాను, అతను తీసుకోవడానికి మొహమాటపడ్డాడు.

అప్పటినుంచి రెండో చెవి బావమరిది ఇంట్లోనే ఉంటోంది. ఆ వంకతో నెలకోసారి కారూ తీసుకెళ్తున్నాడు.

డిక్కీ తాళానికి మాత్రం ఇంకా ప్లేటు పడలేదు. అక్కడ రేకు వంపు తిరిగి ఉంటుంది, చదును ముక్క కూర్చోదు. అట్టముక్క మీద కొలతలు గీసి స్టెప్నీ కింద పెట్టాను, ఎండలు కాస్త తగ్గాక రాణీగంజ్ వెళ్లాలి.