రెడీమేడ్ రికార్డ్ నావిగేషన్ బార్ కొనేవాళ్లకు జాగ్రత్త: సేవ్ అయిందంటుంది, డేటాబేస్‌లో ఉండదు

విండోస్ ఫార్మ్స్‌లో (డాట్‌నెట్‌లో డెస్క్‌టాప్ స్క్రీన్లు చేసే పద్ధతి) డేటా ఎంట్రీ స్క్రీన్లు చేసేవాళ్లు ఎవరైనా రెడీమేడ్ నావిగేషన్ బార్ కంట్రోల్ (రికార్డులను ముందుకీ వెనక్కీ జరిపే బటన్ల పట్టీ) కొనబోతుంటే కొంచెం ఆగండి. నేను అలాంటిదొకటి కొని రెండు వారాలు టెన్షన్‌తో గడిపాను. డెమోలో నెక్స్ట్, ప్రీవియస్ నొక్కితే రికార్డులు చక్కగా మారాయి. అయితే అక్కడ నేను చూశానే తప్ప ఏ రికార్డునూ మార్చి చూడలేదు.

పనిలో పెట్టాక మొదట బయటపడింది సేవ్ బటన్. ఫోన్ నంబర్ దిద్ది వెంటనే సేవ్ నొక్కితే పాత నంబరే ఉండిపోయేది. పక్క రికార్డుకి వెళ్లొచ్చి నొక్కితే మాత్రం సేవ్ అయ్యేది. కారణం, ఆ బార్ అప్‌డేట్‌కి (డేటాబేస్‌లో రాసే పనికి) ముందు, దిద్దుబాటును ముగించే ఎండ్‌ఎడిట్ మెథడ్‌ని పిలవడం లేదు. పక్క రికార్డుకి కదిలితే ఎడిట్ దానంతటదే ముగుస్తుంది కాబట్టి అప్పుడు సరిపోయేది. నా కోడ్‌లో ఒక లైను చేర్చి దాన్ని సరిచేసుకున్నాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. కొన్ని మార్పులు ఉంటున్నాయి, కొన్ని పోతున్నాయి. ఎర్రర్ రాదు, "సేవ్ అయింది" అనే మెసేజ్ మాత్రం వస్తుంది. స్క్రీన్ మీద కొత్త వివరాలే కనిపిస్తాయి, అప్లికేషన్ మూసి తెరిస్తే పాతవి. చివరికి దొరికిందేమిటంటే, బార్‌లోని సెర్చ్ పెట్టె వాడిన ప్రతిసారీ అది లోపల యాక్సెప్ట్‌చేంజెస్ (మార్పులన్నీ ఖరారైనట్టు గుర్తు పెట్టే మెథడ్) పిలుస్తోంది. దాంతో మార్చిన వరుసలన్నిటి స్థితి 'అన్‌చేంజ్డ్' (మార్పు లేదు) అయిపోతుంది. ఆ తర్వాత డేటా అడాప్టర్ (మార్పులను డేటాబేస్‌లో రాసే భాగం) అప్‌డేట్ నడిచినా రాయడానికి దానికి ఏమీ మిగలదు. ఎంట్రీ చేసే ఆవిడ పోయిన వివరాలన్నీ మళ్లీ మొదటి నుంచి టైప్ చేయాల్సి వచ్చింది. అది చూసి నాకు చాలా బాధేసింది.

ఇంకొకటి కూడా ఉంది. మన టెక్స్ట్‌బాక్సులు డేటాసెట్ (మెమరీలో టేబుళ్లను ఉంచేది) దారిలో బైండ్ అయి, బార్ నేరుగా టేబుల్‌కి కట్టి ఉంటే రెండింటికీ వేర్వేరు కరెన్సీ మేనేజర్లు (ఇప్పుడు ఏ రికార్డులో ఉన్నామో గుర్తుంచుకునేవి) ఏర్పడతాయి. బార్‌లో నంబర్ మారుతుంది, పెట్టెల్లో వివరాలు కదలవు. అన్నిటినీ ఒకే బైండింగ్‌సోర్స్‌కి (కంట్రోల్స్‌కీ డేటాకీ మధ్య ఉండే లింకు) కడితే ఇది పోతుంది.

అమ్మినవాళ్లు ముందు "మీ డేటాలోనే తప్పుంది" అన్నారు. చిన్న నమూనా ప్రాజెక్ట్ చేసి పంపాక, లైసెన్స్ కీ వాడేశారు కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వం అన్నారు. ఇచ్చింది డీఎల్‌ఎల్ (కంపైల్ చేసిన ఫైలు) మాత్రమే, సోర్స్ కోడ్ లేదు. సెర్చ్ లోపాన్ని నేను సరిచేసుకునే దారే లేదు.

2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చిన బైండింగ్‌నావిగేటర్ (ఇదే పని చేసే మైక్రోసాఫ్ట్ బార్) ఉచితంగానే ఉంది, ఇప్పుడు దానికే మారాను. అయినా కొనాలనుకుంటే ట్రయల్‌లోనే ఒక రికార్డు మార్చి, సెర్చ్ చేసి, సేవ్ నొక్కి, మూసి తెరిచి చూడండి. ఇప్పటికే ఇలాంటిది వాడుతుంటే అప్‌డేట్ లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి (కోడ్ అక్కడ ఆగేలా చేసి), మార్చిన వరుస రోస్టేట్ (దాని స్థితి) చూడండి. 'అన్‌చేంజ్డ్' అని కనిపిస్తే ఎంట్రీ పని వెంటనే ఆపించండి.