హ్యాండ్ వాక్యూమ్ పంపు: పాత డీజిల్ బండి మీద మూడేళ్లు వాడాక

చేత్తో నొక్కితే గొట్టంలోంచి గాలి లాగేసి, ఎంత వాక్యూమ్ (శూన్యం) వచ్చిందో మీటరు మీద చూపించే ఈ పంపు 2022 అక్టోబరులో కొన్నాను, 1,800 రూపాయలకి. లోహపు బాడీ, పైన గుండ్రటి మీటరు, నాలుగైదు రబ్బరు అడాప్టర్లు, బ్రేక్ ఆయిల్ లాగడానికి చిన్న డబ్బా, అన్నీ ఒక ప్లాస్టిక్ పెట్టెలో వచ్చాయి. కొత్తలో ఏ పనిముట్టయినా బాగానే పనిచేస్తుంది కాబట్టి మూడేళ్లు ఆగి రాస్తున్నాను.

మాది 2013 మోడల్ సెడాన్. 1.3 లీటర్ల డీజిల్, 90 హార్స్‌పవర్, వీజీటీ టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టేది, లోపలి రెక్కలు కదిలే రకం). 1750 ఆర్‌పీఎం దగ్గరే 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే ఇంజన్. ముల్లు అక్కడ దాటిందంటే వెనక నుంచి ఎవరో తోసినట్టు ఉండేది. ఆ ఊపు ఎప్పటి నుంచి తగ్గుతూ వచ్చిందో ఉప్పల్ ట్రాఫిక్‌లో నాకు తెలియనే లేదు. శ్రీశైలం వెళ్లినప్పుడు బయటపడింది. దోమలపెంట దాటి, డ్యామ్ దగ్గరికి దిగి, కృష్ణ దాటాక సున్నిపెంట వైపు ఎక్కే మలుపుల్లో బండి అసలు లాగలేదు. నలుగురం ఉన్నాం. ఏసీ ఆపేశాం, రెండో గేరుకి దించాను, అయినా అద్దంలో చూస్తే వెనకంతా నల్ల పొగ. అమ్మ వెనక సీట్లోంచి "బండికేమన్నా అయిందా నాయనా" అని రెండుసార్లు అడిగింది.

ఊరికొచ్చాక ఒక గ్యారేజీలో స్కానర్ పెట్టారు. పి0299 అని కోడ్ వచ్చింది. బూస్ట్, అంటే టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడి, ఉండాల్సినంత లేదని దానర్థం. ఎందుకు లేదో ఆ కోడ్ చెప్పదు. "టర్బో ఖరాబైంది సార్, కొత్తది ఎయ్యాలె, 46 వేలైతది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి టర్బో ముందున్న గాలి పైపు విప్పి, వేలు పెట్టి షాఫ్ట్ కదిపి చూశాను. సాఫీగా తిరుగుతోంది, ఊగట్లేదు, రెక్కల అంచులు ఎక్కడా తినేయలేదు. అంత శుభ్రంగా ఉన్న టర్బోని పారేయడానికి మనసు రాలేదు. మా కాలనీలో ట్రాక్టర్లు బాగుచేసే అన్న ఉన్నాడు. ఆయన చూసి, "టర్బో సంగతి తర్వాత, ముందు దానికి వాక్యూమ్ అందుతుందో లేదో చూడు తమ్మీ" అన్నాడు. ఆ మాట మీదే ఈ పంపు కొన్నాను.

ఈ రకం టర్బోలో పొగ వెళ్లే దారిలో చిన్న చిన్న రెక్కలుంటాయి. అవి దగ్గరకి మూసుకుంటే పొగ వేగంగా తగిలి టర్బో గట్టిగా తిరుగుతుంది, బూస్ట్ పెరుగుతుంది. వాటిని కదిపేది ఒక డబ్బాలాంటి యాక్చుయేటర్, అందులోంచి వచ్చే కడ్డీ. దాన్ని లాగేది వాక్యూమ్. ఇంజన్‌తో పాటే తిరిగే వాక్యూమ్ పంపు నుంచి సన్న గొట్టం, ఎంత వాక్యూమ్ పంపాలో చూసే కరెంటు వాల్వు అయిన సోలెనాయిడ్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి యాక్చుయేటర్‌కి. దారిలో ఎక్కడ గాలి చొరబడినా రెక్కలు తెరుచుకునే ఉంటాయి. టర్బో భేషుగ్గా ఉన్నా బూస్ట్ రాదు.

ఇంజన్ చల్లారాక యాక్చుయేటర్ గొట్టం ఊడదీసి పంపు తగిలించాను. మెల్లగా నొక్కుతుంటే మా బండిలో మీటరు మీద 5 అంగుళాల (పాదరసం లెక్కలో వాక్యూమ్) దగ్గర కడ్డీ కదలడం మొదలై, 17 దగ్గర చివరికి చేరింది. ఎక్కడా పట్టేయలేదు. మసి పట్టిన టర్బో అయితే కడ్డీ ఆగి ఆగి, ఒక్కసారిగా దుముకుతుంది. 20 అంగుళాల దగ్గర వదిలేసి నిమిషం చూశాను, ముల్లు అక్కడే నిలబడింది. అంటే యాక్చుయేటర్ లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) చిరగలేదు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, పంపు మీటరుతోనే ఒక్కో గొట్టంలో వాక్యూమ్ కొలిచాను. ఇంజన్ పంపు దగ్గర 25. సోలెనాయిడ్‌కి వెళ్లే గొట్టం చివర 14, అదీ వణుకుతోంది. హైదరాబాద్ ఎత్తుకి 25 వచ్చిందంటే మంచిదే, ఎందుకంటే ఇక్కడ గాలి ఒత్తిడే దాదాపు 28 అంగుళాలు, ఎంత గొప్ప పంపయినా దాన్ని దాటలేదు.

ఆ గొట్టం పైన గుడ్డ అల్లిక ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉంది. ఇంజన్ వెనక, వేడి తగిలే వంపు దగ్గర వేళ్లతో కాస్త వంచగానే లోపలి రబ్బరు అప్పడంలా పటుక్కున విరిగింది. పైన అల్లిక మాత్రం చెక్కుచెదరలేదు. తొమ్మిదేళ్లు ఆ వేడి తిన్న రబ్బరు. రెండు మీటర్ల కొత్త గొట్టం 240 రూపాయలు.

పంపు చూపించలేకపోయింది కూడా ఒకటుంది, అదీ చెప్పాలి. గొట్టం మార్చాక ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ రీడింగులు ఫోన్‌కి పంపే చిన్న పరికరం) పెట్టుకుని, బావమరిది నడుపుతుంటే ఫోన్లో మ్యాప్ సెన్సార్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) రీడింగ్ చూశాను. మూడో గేరులో పూర్తిగా రేసు ఇస్తే అంతకుముందు 150 కిలోపాస్కల్ దగ్గర ఆగేది, ఇప్పుడు 192. ఇందులో బయటి గాలి ఒత్తిడి కూడా కలిసే ఉంటుంది. ఇంజన్ ఆపి తాళం మాత్రం తిప్పితే మా ఇంటి దగ్గర 95 చూపిస్తుంది, అది తీసేస్తే మిగిలేదే బూస్ట్. వైజాగ్‌లో చూస్తే ఆ 95 కాస్తా 101 అవుతుంది. (మామూలు ఓబీడీలో ఈ రీడింగ్ 255 దాటదు, బూస్ట్ ఎక్కువుండే బళ్లవాళ్లు అది గుర్తుంచుకోవాలి.) ఇదే మోడల్ ఉన్న స్నేహితుడి బండిలో 218 వస్తోంది. అంటే ఇంకా ఎక్కడో గాలి కారుతోంది.

అది ఒత్తిడి వైపు, అంటే టర్బో నుంచి ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలో, లీకు. వాక్యూమ్ పంపుకి అక్కడ పని లేదు. పీవీసీ మూతకి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించి, టర్బో గాలి పీల్చే పైపుకి క్లాంపుతో గట్టిగా పట్టించి, ఇంజన్ బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయేది) మూసి, సైకిల్ పంపుతో 12 పీఎస్‌ఐ దాకా గాలి ఎక్కించాను. 15 దాటనివ్వకండి, ఊడిందంటే మూత ముఖం మీదికే వస్తుంది. సబ్బు నీళ్లు కొడుతూ పోతే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) కింది హోస్ పైపు అడుగున, క్లాంపు పక్కన, తెల్లగా నురగ. తుడిచి చూస్తే గోటి గీత అంత చీలిక, చుట్టూ ఆయిల్ జిడ్డు. ఆ పైపు మార్చాక 216 వచ్చింది. గొట్టం, పైపు, క్లాంపులు అన్నీ కలిపి మూడు వేల లోపే.

ఇక పంపు సంగతి. మీటరు ఇప్పటికీ సరిగ్గానే చూపిస్తోంది. అడాప్టర్లు రెండో ఏడాదికే గట్టిపడి పగిలాయి, వాటి బదులు సిలికాన్ గొట్టం ముక్కలు వాడుతున్నాను. పెద్ద ఇబ్బంది పిస్టన్ సీలుతో వచ్చింది. బ్రేక్ ఆయిల్ మార్చేటప్పుడు డబ్బా నిండిపోయి కొంచెం ఆయిల్ పంపులోకి లాగేసింది. సీలుది నైట్రైల్ రబ్బరు, దానికి బ్రేక్ ఆయిల్ పడదు, ఉబ్బిపోతుంది. ఆ తర్వాత పక్కింటివాళ్ల బండి యాక్చుయేటర్ చూస్తే ముల్లు తనంతట తానే దిగిపోయింది. డయాఫ్రమ్ చిరిగిందని చెప్పబోయి, ఎందుకో పంపు మూతి వేలితో మూసి చూశాను. అప్పుడూ దిగింది! తప్పు పంపుదే. నోరు జారి ఉంటే వాళ్లకి అనవసరంగా వేల రూపాయల ఖర్చు పెట్టించేవాడిని. అప్పటి నుంచి ప్రతిసారీ ముందు పంపునే పరీక్షిస్తాను: మూతి మూసి, 20 దాకా లాగి, నిమిషం చూడటం. సీలు 60 రూపాయలు పెట్టి మార్చుకుని, సిలికాన్ గ్రీజు రాశాను. బ్రేకులకి ఇక దీన్ని ముట్టుకోను.

కొనేవాళ్లు ప్లాస్టిక్ బాడీది వద్దనుకోండి. మా అన్న దగ్గర ఉన్నది కింద పడి మీటరు మెడ దగ్గర విరిగింది.

బండి ఇప్పుడు 1,81,000 కిలోమీటర్ల మీద ఉంది, అదే టర్బో. మొన్న శివరాత్రికి ముందు వారం మళ్లీ శ్రీశైలం వెళ్లాం. సున్నిపెంట ఎక్కుడు మూడో గేరులోనే, ఏసీ ఆపకుండా ఎక్కింది. అమ్మ ఈసారి ఏమీ అడగలేదు, నిద్రపోయింది.