ఆఖరి దెబ్బ హెవీయే పడాలి: డ్రాగన్ బాల్ ఫైటర్జ్‌తో ఇన్నేళ్ళు

డ్రాగన్ బాల్ అనే జపాన్ యానిమే (కార్టూన్ సిరీస్) ఆధారంగా వచ్చిన ఈ ఫైటింగ్ గేమ్ మీద నాకున్న ఇష్టంలో సగానికి పైగా ఒక్క ఫీచర్‌దే. దాని పేరు డ్రమాటిక్ ఫినిష్. ముగ్గురితో ముగ్గురు తలపడతారని, మొదట్లో 24 మంది ఫైటర్లు ఉండేవాళ్ళని, తర్వాత ఇంకా చేరారని 2018 నుంచీ అందరూ చెప్తూనే ఉన్నారు. వాటి జోలికి పోను.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అసలు కథలో బద్ధశత్రువులైన ఇద్దరు, ఆ పోరు జరిగిన చోటే, మ్యాచ్ చివర్లో ఎదురెదురు పడాలి. ఆఖరి దెబ్బ హెవీ అటాక్‌తో, అంటే బలంగా కొట్టే బటన్‌తో, పడాలి. అప్పుడు గేమ్ మామూలుగా 'కేఓ' అని రాసి ఊరుకోదు, ఆ ఘట్టాన్ని మళ్ళీ మన కళ్ళ ముందు నడిపిస్తుంది. నమెక్ అనే గ్రహం మీద హీరో గోకు విలన్ ఫ్రీజాను పడగొడితే ఒకటి వస్తుంది. సెల్ గేమ్స్ అరీనాలో గోకు కొడుకు చిన్న గోహాన్ సెల్ అనే ఇంకో విలన్‌ని పడగొడితే ఇంకొకటి.

నాకు కావాల్సింది గోహాన్‌ది. ఒక చెయ్యి పనికిరాకుండా పోయి, మిగిలిన ఒంటి చేత్తో కమేహమేహా అనే శక్తి కిరణాన్ని నిలబెట్టుకున్న పిల్లాడు, చనిపోయిన తండ్రి వాడి వెనక నీడలా. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ ఆ ఎపిసోడ్‌ని ఊపిరి బిగబట్టుకుని చూసేవాళ్ళం. గేమ్ కొన్న రోజే వాడితో చెప్పాను, ఆ ఫినిష్ వాడి మీదే తెప్పిస్తానని. వాడు వెంటనే సెల్‌ని తన జట్టులో మూడోవాడిగా పెట్టుకున్నాడు.

రెండు వారాలు పట్టింది. చెప్పడానికి తేలికే, చెయ్యడానికి కాదు. ముందు వాడి మిగతా ఇద్దరూ పోవాలి, అప్పటికి నా గోహాన్ బతికుండాలి. అదైనా సర్దుకోవచ్చు, అసలు చిక్కు హెవీ దగ్గర ఉంది. ఈ గేమ్‌లో కాంబో (ఆగకుండా తగిలే దెబ్బల వరస) పొడుగయ్యే కొద్దీ ఒక్కో దెబ్బ బలం తగ్గుతుంది. అందుకే ఎవరైనా చివర్లో సూపర్ అనే పెద్ద దెబ్బ వేసి ముగిస్తారు, డ్యామేజ్ దానిలోనే ఎక్కువ. సూపర్‌తో చంపితే గెలుపు వస్తుంది గానీ సీన్ రాదు. చేతిలో ఉన్న సూపర్‌ని వాడకుండా ఆపుకోవాలి, ఎదుటివాడి హెల్త్‌ని సరిగ్గా ఒక్క హెవీకి సరిపడేంత మిగల్చాలి, ఆ ఒక్కటీ వాడు గార్డ్ చెయ్యకుండా (అడ్డుకోకుండా) తగలాలి. హెవీ మిగతా దెబ్బలకంటే నెమ్మది. గాల్లో ఊపి తప్పిందంటే అవతలివాడు వచ్చి మన పని పడతాడు.

ఇంకో అడ్డంకి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. అది నేను అప్పటిదాకా అందరికీ గొప్పగా చెప్పుకున్న ఆటో కాంబోనే. ఒకే బటన్‌ని వరసగా నొక్కుతూ పోతే కాంబో తనంతట తనే అల్లుకుంటుంది. కంట్రోలర్ ఎప్పుడూ పట్టనివాళ్ళు కూడా పది నిమిషాల్లో గోకులా ఎగిరి కొడుతుంటే చూడ్డానికి ముచ్చటేస్తుంది. అయితే సూపర్‌కి ఖర్చయ్యే మీటర్ ఉందంటే ఆటో కాంబో పోయి పోయి సూపర్‌లో ముగుస్తుంది. నాలుగు రోజులు వరసగా నా గోహాన్ సెల్‌ని చంపాడు, నాలుగుసార్లూ సూపర్‌తోనే. వేళ్ళకి ఆ బటనే అలవాటైపోయింది. ట్రైనింగ్ మోడ్‌లో కూర్చుని ఆటో కాంబోని మధ్యలో తెంపడం నేర్చుకున్నాకే నాకు ఈ గేమ్ నిజంగా ఆడటం వచ్చింది. కొత్తవాళ్ళకి ఆటో కాంబో వరమని ఇప్పటికీ అంటాను. కానీ మొదటి నెల దాటాక కూడా దాన్నే పట్టుకుని ఉంటే గేమ్‌లోని అసలు రుచి అందదు.

ఆ సాయంత్రం గురించి చెప్పాలి. నావాళ్ళలో క్రిల్లిన్, ఆండ్రాయిడ్ 16 ఇద్దరూ పోయారు. వాడి దగ్గర సెల్ ఒక్కడే. ఇద్దరి హెల్త్ బార్లూ అడుగంటాయి. నా దగ్గర మూడు బార్లకు పైగా మీటర్ ఉంది, ఒక్క సూపర్ తగిలితే చాలు. వాడికీ ఆ సంగతి తెలుసు, అందుకే దూరంగా జరిగి గార్డ్‌లోనే కూర్చున్నాడు. నేను సూపర్ డాష్‌తో దూసుకెళ్తానని ఎదురుచూస్తున్నాడని వాడి కూర్చునే తీరులోనే తెలిసిపోతోంది. నేను దూసుకెళ్ళలేదు. నడుచుకుంటూ వెళ్ళాను. రెండు అడుగులు ముందుకి, ఒక అడుగు వెనక్కి. కుడిచేతి బొటనవేలు చెమటకి బటన్ మీద జారుతోంది. వాడు ఆగలేక ఒక కిక్ విసిరాడు, అది నా ముందు గాల్లో పోయింది. కాలు వెనక్కి తీసుకునే లోపే హెవీ నొక్కాను.

తగిలింది. ఒక్క క్షణం స్క్రీన్ స్తంభించినట్టైంది. ఆ తర్వాత మేం చిన్నప్పటినుంచీ ఎరిగిన ఆ సీన్ మొదలైంది. అదే వేలాడే చెయ్యి, అదే వెలుగు, వెనక అదే తండ్రి. తమ్ముడు కంట్రోలర్ పక్కన పెట్టేసి, ఓడిపోయిన సంగతే మర్చిపోయి, "అక్కా, ఆగు, ఏమీ నొక్కకు" అన్నాడు. చివరిదాకా ఇద్దరం మాట్లాడలేదు.

అది అంతలా పట్టేయడానికి కారణం కథ ఒక్కటే కాదు. చూస్తున్నది వీడియో కాదు, అంతవరకూ మనం ఆడించిన బొమ్మలే ఆ సీన్‌లోనూ ఉంటాయి. ఈ గేమ్ తయారుచేసిన ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వాళ్ళు 2014లో తమ ఇంకో ఫైటింగ్ గేమ్ గిల్టీ గేర్ ఎక్స్‌ర్డ్‌కి పట్టుకున్న పద్ధతే ఇక్కడా వాడారు. మోడల్స్ త్రీడీవే, కానీ కదలికలను కంప్యూటర్ చేత నున్నగా సాగదీయించరు. ఒక్కో భంగిమను విడిగా పెట్టి, కాసేపు అలాగే నిలిపి, ఠక్కున తర్వాతి దానికి మారుస్తారు, చేత్తో గీసిన యానిమేలో లాగే. పిడికిలి మన వైపుకొచ్చే ఫ్రేమ్‌లో ఆపి చూడండి, చెయ్యి మామూలు కొలతలో ఉండదు, గీతకారుడు సాగదీసినట్టు పెద్దదైపోతుంది. మ్యాచ్ ఎక్కడ ఆగిందో, సీన్ ఎక్కడ మొదలైందో అతుకు కనపడకపోవడానికి ఇదే కారణమని నాకనిపిస్తుంది.

అప్పట్లో కనపడిన ప్రతివాళ్ళకీ ఈ గేమ్ కొనమని చెప్పాను. ఇప్పుడైతే కొంచెం ఆలోచించి చెప్తాను.

మొదటి సంగతి, సీన్ వచ్చే జంటలు తక్కువ. నాకిష్టమైన పిక్కోలోను ఎన్ని రకాలుగా పెట్టి చూసినా నాకేమీ దొరకలేదు. రెండోది, పదోసారి చూసేటప్పుడు మొదటిసారి కలిగిన పులకింత ఉండదు. ఇప్పుడు ఆ సీన్ వస్తుంటే నేను లేచి మంచినీళ్ళు తాగి వస్తున్నాను. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ఆన్‌లైన్‌లో పరాయివాళ్ళతో ఆడితే ఇదంతా దాదాపు ఉండదు. అక్కడ అందరి గోలా గెలుపే. కథ ప్రకారం జట్టు కట్టేవాళ్ళుండరు, సూపర్ చేతిలో ఉంచుకుని నడిచొచ్చేవాళ్ళు అసలే ఉండరు. వాళ్ళ తప్పేమీ లేదు. ఫైటింగ్ గేమ్‌ల పెద్ద టోర్నమెంట్ ఈవో 2018 ఫైనల్లో సోనిక్‌ఫాక్స్, గోఇచి అనే ఆటగాళ్ళు తలపడిన తీరు చూస్తే ఇది ఎంత లెక్కలతో నడిచే ఆటో అర్థమవుతుంది. ఆ ఏడు సోనిక్‌ఫాక్స్, మరుసటి ఏడు గోఇచి గెలిచారు. రెండూ చూశాను, అసిస్ట్‌ని, అంటే సాయానికి వచ్చి కొట్టి పోయే జట్టువాణ్ణి, ఎప్పుడు పిలవాలో వాళ్ళను చూసే నేర్చుకున్నాను.

ఇక్కడే గేమ్ మీద నా అసలు ఫిర్యాదు కూడా చెప్పేస్తాను. బాగా ఆడేవాళ్ళ చేతిలో ఒక్క చిన్న దెబ్బ తగిలితే చాలు, మన ఫైటర్‌ని మూలకు తోసి, అసిస్టులు కలిపి కొడుతూనే ఉంటారు. ఆ కాంబో అయ్యేదాకా మనం చెయ్యగలిగిందేమీ లేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడ్డమే. ఒకడు పోయాడంటే మనకు ఒక అసిస్ట్ కూడా పోయినట్టే, అవతలివాడికి మాత్రం ముగ్గురూ ఉంటారు. అక్కడినుంచి తేరుకోవడం కష్టం. కాసేపు బలం పెంచే స్పార్కింగ్ ఉందిగా అంటారు, మ్యాచ్‌కి ఒక్కసారే కదా. కొత్తవాళ్ళు విసిగి మానేసేది ఎక్కువగా ఈ దశలోనేనని నా అనుభవం.

స్టోరీ మోడ్ గురించి ఎక్కువ చెప్పను. డ్రాగన్ బాల్ సృష్టికర్త అకిరా తొరియామా ఈ గేమ్ కోసమే రూపం ఇచ్చిన ఆండ్రాయిడ్ 21 అనే పాత్ర బాగుంది, జట్టులో ఎవరెవరు ఉన్నారన్నదాన్ని బట్టి వచ్చే మాటలు ఇంకా బాగుంటాయి. మధ్యలో అవే క్లోన్లతో అవే ఫైట్లు. ఒక్కసారి పూర్తి చేసి వదిలేశాను.

తమ్ముడు ఉద్యోగానికి వెళ్ళిపోయాక మా ఆట ఆన్‌లైన్‌కి మారింది, ఇద్దరివీ పీసీలే. మొదట్లో నరకం. అప్పటి నెట్‌కోడ్ (ఆన్‌లైన్ ఆటను ఇద్దరి మధ్య కలిపి నడిపే ఏర్పాటు) డిలే పద్ధతిది, అంటే కనెక్షన్ కొంచెం తడబడినా మనం నొక్కిన బటన్ ఆలస్యంగా పని చేస్తుంది. నేను వైఫై మీద ఆడటం దానికి తోడైంది. హెవీ అనేది రెప్పపాటు లెక్క, ఆలస్యం ఉంటే అది పడేది వాడి గార్డ్ మీదే. కేబుల్ వేసుకున్నాక కొంత నయమైంది. 2024 ఫిబ్రవరి చివర్లో ఆ ఆలస్యాన్ని తెలియనివ్వని రోల్‌బ్యాక్ పద్ధతి వచ్చాక తేడా స్పష్టంగా తెలిసింది. ఇప్పుడు నొక్కిన క్షణంలోనే గోహాన్ చెయ్యి కదులుతోంది. పాత తరం కన్సోళ్ళకి మాత్రం ఆ మార్పు రాలేదు, వాటి మీద ఆడేవాళ్ళు నా ఈ మాటను లెక్కలోకి తీసుకోవద్దు. అది వచ్చిన కొద్ది రోజులకే, మార్చి 1న తొరియామా పోయారు. ఆ వారం మేమిద్దరం సెల్ గేమ్స్ అరీనా తప్ప ఇంకే స్టేజీ పెట్టుకోలేదు.

కొనాలా వద్దా అని అడిగితే, మీతో ఎవరు ఆడతారు అని నేను తిరిగి అడుగుతాను. డ్రాగన్ బాల్ చూస్తూ పెరిగిన మనిషి ఒకరు పక్కన ఉంటే, ఇద్దరూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఆడేవాళ్ళైతే, కళ్ళు మూసుకుని కొనండి. ఒంటరిగా ర్యాంకుల కోసం ఆడదామనుకుంటే ముందు నెల రోజులు ట్రైనింగ్ మోడ్‌లో గడిపే ఓపిక ఉందో లేదో చూసుకోండి. అసలు ఈ కథే తెలియనివాళ్ళకి ఆ సీన్లు అందమైన బొమ్మలుగా మాత్రమే కనిపిస్తాయేమో. నాకు తమ్ముడున్నాడు కాబట్టి ఇంకా ఆడుతున్నాను. పోయిన ఆదివారం కూడా ఆఖరి మ్యాచ్‌లో వాడు సెల్‌ని మూడోవాడిగానే పెట్టుకున్నాడు, నేను గోహాన్‌ని. ఈసారి వాడు కిక్ విసరలేదు, నేను దగ్గరికి వచ్చేదాకా కాచుకుని సూపర్‌తో ముగించేశాడు.