రెండు ఇరిడియం ప్లగ్గులు, 38 వేల కిలోమీటర్లు

పోయిన ఆదివారం బండి స్పార్క్ ప్లగ్గులు, అంటే ఇంజన్‌లో పెట్రోలుకు నిప్పురవ్వ అంటించేవి, రెండూ విప్పి గుడ్డ మీద పెట్టాను. 2021 జూన్‌లో వేసిన ఇరిడియం (ఒక లోహం) మొన ఉన్న ప్లగ్గులవి. అప్పుడు మీటరు 41 వేలు, ఇప్పుడు 79 వేలు. మాది కడప. పని మీద వారానికి రెండుసార్లు ఎర్రగుంట్లకు, నెలకోసారి రాయచోటిలో అత్తగారింటికి పోతుంటాను. 150 సీసీ బండి, ఒకే సిలిండరుకు రెండు ప్లగ్గులుండే రకం.

వీటిని కొనడానికి కారణం రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్. ఆ ఎండాకాలం వెనక ఇంటావిడ, ఒళ్లో సంచి, ముందు లారీ. మూడో గేరులో బండి మిస్సింగ్ మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తిప్పితే పికప్ లేదు, వదిలితే ఆగిపోయేలా ఉంది. ఎలాగోలా ఎక్కి కోవా అంగడి ముందు ఆపాను. ఆమె కోవా తింటూ "బస్సులో పోయింటే ఈపాటికి ఇంట్లో ఉందుము" అంది. మరుసటి వారమే జత 1,360 రూపాయలకు ఇరిడియం ప్లగ్గులు కొన్నాను. మామూలువి జత 220కి దొరికేవి.

వేసిన రోజు నిజంగా తేడా తెలిసింది. సెల్ఫ్ నొక్కగానే స్టార్ట్, మిస్సింగ్ మాయం. కనపడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. అయిదో నెలలో అదే ఘాట్‌లో, దాదాపు అదే మలుపులో మిస్సింగ్ మళ్లీ వచ్చింది.

ఈసారి మా వీధి చివర మెకానిక్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన ప్లగ్గు విప్పి నా చేతిలో పెట్టాడు. మూతి అంతా పొడి మసి. "ప్లగ్గు నల్లగుందంటే తప్పు ప్లగ్గుది కాదన్నా. గాలి చాలక బండి పెట్రోలు తాగుతాంది. ఫిల్టరు ఎప్పుడు మార్చినావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఎయిర్ ఫిల్టరు తీసి నేలకేసి కొడితే తెల్లటి పొడి దోసెడు రాలింది. ఎర్రగుంట్ల దారిలో పోయేవాళ్లకు ఆ పొడి ఏమిటో చెప్పక్కర్లేదు. నాపరాళ్లు కోసే చోట ఎండిన బురద లారీల చక్రాల కింద నలిగి లేస్తుంటుంది, దానికి సిమెంటు లారీల దుమ్ము తోడు.

ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు వాటా ఎక్కువవుతుంది. పూర్తిగా కాలని పెట్రోలు ప్లగ్గు పింగాణీ మీద మసిగా అంటుకుంటుంది. అప్పుడు కరెంటు ప్లగ్గు మొన దగ్గరుండే ఖాళీలో దూకి నిప్పురవ్వ కాకుండా మసి మీదుగా జారిపోతుంది. అదే మిస్సింగ్. ఇరిడియం మొన సుమారు 0.6 మిల్లీమీటర్లే, మామూలు నికెల్ మొన 2 మిల్లీమీటర్లకు పైనే. మొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజీకే రవ్వ దూకుతుంది కాబట్టి అదే మసిలో ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తుంది. నేను ఇరిడియం మహిమ అనుకున్నది ఆ కొన్నాళ్లే. కొత్త ఫిల్టరు వేశాక మిస్సింగ్ మళ్లీ రాలేదు.

మైలేజీ మాట. ట్యాంకు నిండా కొట్టించి, తిరిగి నింపి లెక్క చూశాను. ఫిల్టరు మార్చాక లీటరుకు మూడు కిలోమీటర్లు పెరిగింది. ఆ తర్వాత నెల రోజులు పాత నికెల్ ప్లగ్గులు వేసి చూస్తే తేడా ఏమీ కనపడలేదు. "ఇరిడియం వేస్తే అయిదు కిలోమీటర్లు పెరుగుతుందన్నా" అనే మాట నేను నమ్మను.

మన్నిక మాత్రం నిజం. ఇరిడియం 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు, నికెల్ 1,455కే కరుగుతుంది. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ప్లగ్గు కనీసం 2,500 సార్లు రవ్వ కొట్టాలి. ఇంతకు ముందు నికెల్ ప్లగ్గుల అంచులు 12 వేల కిలోమీటర్లకే గుండ్రంగా అరిగి, ఖాళీ కంటికే తెలిసేంత పెరిగేది. ఇవి 38 వేల తర్వాత కూడా మొన పోగొట్టుకోలేదు. పింగాణీ రంగు పలచటి టీ రంగు, అంటే మంట సరిగ్గా ఉన్నట్టు. వీటిని మాత్రం ఉప్పు కాగితంతో రుద్దకూడదు, సన్న మొన విరుగుతుంది.

కొనేటప్పుడు అంగట్లో ఒకాయన "కడప ఎండలకు చల్లటి ప్లగ్గు వేసుకో" అన్నాడు. వినలేదు, మంచిదయింది. చల్లటి ప్లగ్గు ఇంజన్‌ను చల్లబరచదు, తన మొన వేడిని త్వరగా హెడ్డుకు (ప్లగ్గు బిగించే ఇంజన్ పైభాగం) వదిలేస్తుంది, అంతే. మొన సుమారు 450 డిగ్రీలకు చేరకపోతే దాని మీది మసి దానంతట అది కాలిపోదు. పైగా ప్లగ్గు మీది నంబర్లలో తిరకాసుంది. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ చల్లటి ప్లగ్గు, బాష్‌లో పెరిగేకొద్దీ వేడి ప్లగ్గు. కంపెనీ మారితే అంకె చూసి కాదు, బండి పుస్తకంలో రాసిన నంబరు చూసి కొనాలి.

మార్చడం కష్టమేమీ కాదు, రెండో ప్లగ్గు తప్ప. అది ఇరుకులో ఉంటుంది. అందుకే కొన్ని చోట్ల ఒకటి మార్చి రెండింటికీ బిల్లు వేస్తారు. నాకూ ఒకచోట జరిగింది, విప్పితే గానీ తెలియలేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, ప్లగ్గు కూర్చున్న గుంతలోని దుమ్ము ఊదేసి విప్పాలి, లేకపోతే అదంతా సిలిండరులోకి పోతుంది. చెయ్యి పట్టని చోట పాత పెట్రోలు పైపు ముక్కను కొత్త ప్లగ్గు తలకు తొడిగి తిప్పితే సులువు. మర తప్పుగా ఎక్కితే పైపు జారుతుంది గానీ హెడ్డు పాడవదు. వేళ్లతో తిరిగినంత తిప్పాక, కొత్త వాషరున్న ప్లగ్గయితే పానాతో అర చుట్టు చాలు. అల్యూమినియం హెడ్డు దగ్గర బలం చూపిస్తే మర ఊడుతుంది.

ఇక డబ్బు లెక్క. ఇదే దూరానికి నికెల్ ప్లగ్గులు మూడు జతలు, 660 రూపాయలు. ఇరిడియంకు 1,360. ఆ 700తో నేను కొన్నది ఇరుకు ప్లగ్గు జోలికి రెండుసార్లు తక్కువ పోవడం. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది దండగ కాదు. ఊర్లో తిరిగే బండికి అక్కర్లేదు.

ఈసారి నేను మామూలువే వేశాను, మిగిలిన డబ్బుతో రెండు ఎయిర్ ఫిల్టర్లు కొన్నాను. విప్పిన ఇరిడియం జత కాగితంలో చుట్టి సైడ్ ప్యానెల్ లోపల పెట్టాను. ఘాట్‌లో ఎప్పుడైనా అవసరం రావచ్చు. ఇంటావిడ అయితే ఇప్పటికీ రాయచోటికి బస్సే అంటుంది.